వ్యాగన్ మీది పదకొండో అంకె

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కోర్బా వైపు నుంచి వచ్చే బొగ్గు బండ్లు ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. ఆ వ్యాగన్ల మీద రాసి ఉండే పదకొండు అంకెల సంఖ్యను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆరు, ఏడు తరగతుల గణితానికి అంతకన్నా మంచి సామగ్రి దొరకడం కష్టం.

మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకాన్ని చెబుతాయి. తర్వాతి రెండూ అది ఏ రైల్వేదో చెబుతాయి. ఆగ్నేయ మధ్య రైల్వే సంకేతం 14. ఆపై రెండు అంకెలు తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు వరుస సంఖ్య. చివరిది తనిఖీ అంకె. ముందున్న పదింటికీ అదే కాపలా.

ఉదాహరణకు 1014082735 అనుకుందాం. సరి స్థానాల్లోని అంకెలు 0, 4, 8, 7, 5. వాటి మొత్తం 24, మూడు రెట్లు చేస్తే 72. బేసి స్థానాల్లోని 1, 1, 0, 2, 3 కలిపితే 7. రెండూ కలిసి 79. తర్వాతి పది గుణిజం 80కి ఒకటి తక్కువ, కాబట్టి పదకొండో అంకె 1.

ఇక ఆట మొదలు. ఒక జట్టు సంఖ్యలో ఒక అంకె మార్చి ఇస్తుంది, రెండో జట్టు లెక్క కట్టి తప్పుందో లేదో చెప్పాలి. ఒక్క అంకె మారితే ప్రతిసారీ దొరికిపోతుంది. యార్డులో ఇది చిన్న విషయం కాదు: సంఖ్య తప్పు పడితే సరుకు ఒకచోట, లెక్క మరోచోట ఉంటాయి. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలాసార్లు దొరుకుతుంది. పై సంఖ్యలో 2, 7 స్థానాలు మార్చి చూస్తే మాత్రం మొత్తం 69, తనిఖీ అంకె మళ్లీ 1! తేడా సరిగ్గా 5 ఉన్న జంటలు ఈ కాపలాను తప్పించుకుంటాయి. ఎందుకో పిల్లలే కనుక్కోవాలి. టీచరు తొందరపడి చెప్పేస్తే ఆట చచ్చిపోతుంది.

బిస్కెట్ ప్యాకెట్ మీది 13 అంకెల బార్‌కోడ్‌కూ ఇదే పద్ధతి. రైలు కనబడని ఊళ్లో దానితో ఆడవచ్చు.

ప్లాట్‌ఫాం మీద నుంచే, పట్టాల దగ్గరికి పోకుండా, 30 వ్యాగన్ల సంఖ్యలు రాసుకుంటే దత్తాంశం పాఠం కూడా సిద్ధం. అయిదు, ఆరు స్థానాలను బట్టి వ్యాగన్ల వయసుకు కమ్మీ చిత్రం గీయించవచ్చు. అక్కడో చిక్కుంది. అంకెలను ఉన్నవున్నట్టు ఆరోహణ క్రమంలో పెడితే 2008లో తయారైన 08 ముందు, 1998 నాటి 98 చివర వస్తాయి. పాత బండి కొత్తదై కూర్చుంటుంది. గీత గీయకముందే దాన్ని సరిదిద్దుకోవాలి.