మనసులో లేచే ఉప్పెన

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని, మచిలీపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని టీవీలో చెప్పగానే మన ప్రాంతంలో కొందరు పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. 1977 నవంబరు 19న కనీసం 10 వేలమందిని పొట్టన పెట్టుకున్న దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు వాళ్లు.

దివిసీమ నుంచి గుడ్లవల్లేరుకు కోడలిగా వచ్చిన పెద్దావిడ ఒకరు మా సంఘంలో ఉన్నారు. గాలి హోరెత్తితే చాలు, తాటిచెట్టంత కెరటం ఆమె కళ్లకు కడుతుంది. గుండె దడదడలాడుతుంది. 'ఇన్నేళ్లు ప్రార్థించినా భయం పోలేదంటే నాకు విశ్వాసం లేదేమో అయ్యగారూ' అంటారు.

ఆ దృశ్యాన్ని ఆమె పిలవలేదు. భయం దాని వెంటే వచ్చింది. కెరటం ఎదుట ఉందా, మనసులో ఉందా అని శరీరం ఆగి చూసుకోదు కదా! 'నాకు విశ్వాసం లేదు' అన్నది మాత్రం ఆలోచన, ఆమె తనమీద తాను చెప్పుకున్న తీర్పు. ఆమెను ఎక్కువగా నలిపేది అదే. ఆ తీర్పును ప్రసంగాలతో బలపరిచే బోధకులూ ఉన్నారు. నా దృష్టిలో అది క్రూరత్వం.

గతంలోని భయాన్ని భయపడకుండానే గుర్తు చేసుకోగలుగుతున్నానే అని భక్తుడైన అగస్టీను 1600 ఏళ్ల క్రితం తన 'కన్ఫెషన్స్' పదో భాగంలో ఆశ్చర్యపోయాడు. జ్ఞాపకం మనసుకు కడుపు లాంటిదన్నాడు. తీపైనా చేదైనా లోపలికి దిగాక రుచి తెలియదట. కానీ ఉప్పెన జ్ఞాపకం కడుపులోకి దిగదు, నాలుక మీదే ఉండిపోతుంది.

అలాగని మనసులోని బొమ్మే మనిషి కాదు. కళ్లు మూసుకుంటే ఏ దృశ్యమూ కనిపించనివాళ్లు కొందరున్నారు. ఆ స్థితికి 2015లో ఆడమ్ జెమన్ అనే బ్రిటిష్ నరాల వైద్యుడు, ఆయన సహచరులు 'అఫాంటాసియా' అని పేరు పెట్టారు. వాళ్లూ ఆలోచిస్తారు, ప్రేమిస్తారు, ఏడుస్తారు. 'నాకు భయమేస్తోంది' అని చెప్పగలిగే ఎరుక భయం కంటే పెద్దది. హెబ్రీ బైబిల్లో 'లేబ్', అంటే హృదయం, తలపుకూ కోరికకూ దుఃఖానికీ అన్నిటికీ ఒకటే ఇల్లు.

విలాపవాక్యముల గ్రంథం 3వ అధ్యాయం చూడండి. యెరూషలేము కూలిపోయింది. కవి తన శ్రమను తలచుకుంటాడు, ప్రాణం కుంగిపోతుంది. దాన్ని మరచిపొమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ కుంగుబాటులోనే దేవుని కనికరాన్ని కూడా జ్ఞాపకం చేసుకుంటాడు. మొదటిది దానంతటదే వచ్చింది, రెండోది అతను తెచ్చుకున్నాడు. రెండూ ఒకే హృదయంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆశ దొరికిందని రాసిన అదే అధ్యాయంలో, కొన్ని వచనాల తర్వాత, అతని కళ్లు మళ్లీ ధారగా కారుతూనే ఉన్నాయి.