చౌక టికెట్టు – ఖరీదైన సంభాషణ: బడ్జెట్ విమానయానంలో వినియోగదారు సేవల వ్యయం

ఉపోద్ఘాతం

1995 నవంబరులో లండన్ సమీపంలోని లూటన్ నుంచి స్కాట్లాండుకు ఈజీజెట్ సర్వీసులు మొదలైనప్పుడు, ఆ విమానాల పక్కభాగాన పెద్ద నారింజరంగు అంకెలతో ఒక టెలిఫోన్ నెంబరు కనిపించేది. టికెట్టు కావాలంటే ఆ నెంబరుకే ఫోన్ చేయాలి. ట్రావెల్ ఏజెంటుకు కమిషన్ ఇవ్వకుండా ప్రయాణికునితో నేరుగా మాట్లాడడం ఆ వ్యాపారానికి పునాది. కొన్నేళ్లలోనే అమ్మకాలు ఇంటర్నెట్టుకు మారాయి. అప్పటినుంచి ఈ రంగంలో ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది కొనడానికి కాక, కొన్నదానిలో చిక్కు వచ్చి చేసేవారే. ఫోన్ సంభాషణ సంస్థలకు ఆదాయమార్గంగా ఉండడం మాని భారంగా మారిన క్రమాన్ని, ఆ భారం ప్రయాణికునిపైకి మళ్ళిన తీరును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నిమిషానికి వెల

బడ్జెట్ సంస్థల టికెట్టు ధరలో ప్రయాణం మాత్రమే ఉంటుంది. సామాను, సీటు ఎంపిక, పేరు మార్పు వేరువేరు అమ్మకాలు. ఈ తర్కాన్ని పొడిగిస్తే ప్రశ్న అడగడమూ ఒక అదనపు సేవే అవుతుంది. బ్రిటన్‌లో 0871తో మొదలయ్యే నెంబర్లు ఇందుకు ఉపకరించాయి. 2015 జూలై 1 నుంచి ఆ కాల్ ఖర్చును రెండు భాగాలుగా విడదీసి చూపుతున్నారు. మొదటిది ఫోన్ చేసేవారి టెలిఫోన్ కంపెనీకి చెందే యాక్సెస్ ఛార్జి. రెండవది నిమిషానికి 13 పెన్నీల వరకు ఉండే సర్వీస్ ఛార్జి. ఈ రెండవదానిలో కొంత వాటా కాల్ అందుకునే సంస్థకు చేరే వీలుంది. ఇరవై నిమిషాలు సంగీతం వింటూ వేచి ఉంటే సర్వీస్ ఛార్జి ఒక్కటే 2.60 పౌండ్ల దాకా అవుతుంది. ఆలస్యం చేసే పక్షానికే ఆలస్యం వల్ల రాబడి రావడం ఈ ఏర్పాటులోని మౌలిక దోషం.

చట్టంలోని ఒక విశేషణం

ఐరోపా సమాఖ్య 2011లో చేసిన వినియోగదారు హక్కుల ఆదేశాన్ని అనుసరించి బ్రిటన్ రూపొందించిన నిబంధనలు 2014 జూన్ 13న అమలులోకి వచ్చాయి. కుదిరిన ఒప్పందం విషయమై ఫోన్ చేసే వినియోగదారుని నుంచి ‘ప్రాథమిక రేటు’కు మించి వసూలు చేయరాదన్నది అందులోని నియమం. ఇక్కడ ‘కుదిరిన’ అనే భూతకాలిక విశేషణమే కీలకం. టికెట్టు కొన్నవారికి రక్షణ ఉంది. కొనేముందు వివరాలు అడిగేవారికి లేదు. పోతే, ‘ప్రాథమిక రేటు’ ఎంతో ఆదేశం నిర్వచించలేదు. విమానయానంతో సంబంధం లేని ఒక జర్మన్ వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం 2017 మార్చిలో ఆ లోటు పూరించింది. మామూలు ల్యాండ్‌లైన్ లేదా మొబైల్ కాల్ ఖర్చును అది మించకూడదని, ఆ హద్దు లోపల వ్యాపారికి లాభం వచ్చిందా లేదా అన్నది అప్రస్తుతమని చెప్పింది.

(విమానం ఆలస్యమై చిక్కుకున్న ప్రయాణికునికి రెండు ఉచిత ఫోన్ కాల్స్ ఇవ్వాలని 2004 నాటి ఐరోపా నిబంధన 261 చెబుతుంది. వాటికి ప్రత్యామ్నాయాల్లో టెలెక్స్ కూడా ఉంది!)

ఫోన్ చౌక కాగానే కొన్ని సంస్థలు చాట్‌బాట్ వైపు మొగ్గాయి. అప్పుడు ఖర్చు డబ్బు రూపం వదిలి కాలం రూపం ధరించింది. చాట్‌బాట్ ఇచ్చిన తప్పు సమాచారానికి విమానయాన సంస్థే బాధ్యత వహించాలని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఎయిర్ కెనడా విషయంలో తీర్పునిచ్చింది. అది బడ్జెట్ సంస్థ కాకపోయినా తీర్పులోని సూత్రం ఇక్కడ ప్రస్తావించదగినదే.

ఇంటిపేరు సమస్య

తెలుగువారు విమానయాన సంస్థను సంప్రదించవలసి రావడానికి ఒక కారణం మన నామకరణ పద్ధతిలోనే ఉంది. మన వాడుకలో ఇంటిపేరు ముందు వస్తుంది, తరచు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. వ్యక్తినామం రెండు మూడు పదాలుగా సాగుతుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. బుకింగ్ పత్రం మాత్రం ఆ గడిని ఖాళీగా వదలనివ్వదు. ఏదో ఒకటి నింపితే పాస్‌పోర్టుతో పొంతన కుదరదు. బుకింగ్ వివరాలు తెరవడానికి సాధారణంగా అడిగేదీ ఆ ఇంటిపేరునే.

భారత పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2019 ఫిబ్రవరిలో విడుదల చేసిన ప్రయాణికుల హక్కుల పత్రం ఈ విషయంలో కొంత ఊరటనిస్తుంది. సంస్థ వద్ద నేరుగా కొన్న టికెట్టులో అదే వ్యక్తి పేరులోని తప్పును 24 గంటలలోగా తెలియజేస్తే సవరణకు రుసుము తీసుకోరాదు. ఈ గడువు బుకింగ్ సమయం నుంచి లెక్క. ఫోన్ లైనులో వేచి ఉన్న గంటలూ అందులోనే కరిగిపోతాయి కనుక, తప్పు కనబడగానే ఈమెయిల్ కూడా పంపి, పంపిన సమయం కనిపించే ప్రతిని భద్రపరచుకోవడం అవసరం.