తెల్లముఖం వెనుక మనిషి

మన ఇళ్ళలో ఎవరినో గురించి మాట్లాడుకుంటూ ఉండగా ఆ మనిషే గుమ్మంలో కనిపిస్తే "నీకు నూరేళ్ళాయుష్షు!" అంటాం. చైనావారు అదే సందర్భంలో, పేరు తలచగానే త్సావ్ త్సావ్ రానే వచ్చాడని నవ్వుకుంటారు. పద్దెనిమిది వందల సంవత్సరాల క్రితం మరణించిన ఒక సేనాని పేరు ఆ దేశంలో ఇప్పటికీ జనం నోట అలా ఆడుతూ ఉంది.

అయితే అది గౌరవంతో తలచే పేరు కాదు. చైనా సంప్రదాయ నాటకాలలో ముఖానికి పూసిన రంగును చూసి ప్రేక్షకులు పాత్ర స్వభావాన్ని గుర్తుపడతారు. మన కథకళిలో పచ్చముఖం ధీరనాయకుడికి చెందినట్లే, అక్కడ ఎర్రముఖం స్వామిభక్తికీ, సున్నం పూసినట్లుండే తెల్లముఖం కపటానికీ గుర్తులు. త్సావ్ త్సావ్‌ది తెల్లముఖం. ఆ నాటకాలలో చాలావాటికి ఆధారం 14వ శతాబ్దంలో ల్వో గ్వాన్ చోంగ్ రాసినట్లు చెప్పే 'మూడు రాజ్యాల' నవల. అందులో నాయకుడు త్సావ్ త్సావ్‌కు ప్రత్యర్థి అయిన ల్యూ బేయ్. ప్రత్యర్థి నాయకుడైనప్పుడు ఈయన ప్రతినాయకుడు కాక తప్పదు కదా! కాని నవలకు వెయ్యి సంవత్సరాలకు పైగా ముందు, 3వ శతాబ్దంలో, చెన్ షౌ అనే చరిత్రకారుడు ఈయనను అసాధారణ ప్రజ్ఞావంతుడని మెచ్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? ఆయన చేసిన పనులను చూద్దాం.

త్సావ్ త్సావ్ క్రీ.శ. 155లో జన్మించాడు. (చైనావారు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు. మన చెవికి రెండూ ఒకటిగానే వినిపించినా, వారి లిపిలో ఇంటిపేరుకూ పేరుకూ అక్షరాలు వేరు.) ఆయన తండ్రిని అంతఃపురంలో పనిచేసే ఒక కంచుకి దత్తత తీసుకున్నాడు. అందువల్ల గొప్ప వంశాలవారు ఈ కుటుంబాన్ని చిన్నచూపు చూసేవారు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో రాజధాని లొయాంగ్‌లో రక్షకాధికారిగా చేరిన త్సావ్ త్సావ్, నగర ద్వారాల దగ్గర రంగురంగుల దుడ్డుకర్రలు వేలాడదీయించాడు. రాత్రివేళ తిరగరాదన్న ఆజ్ఞను మీరినవారికి వాటితో శిక్ష. చక్రవర్తికి ఇష్టుడైన ఒక కంచుకి బంధువు ఆ నియమాన్ని మీరితే అతడినీ విడిచిపెట్టలేదు. ఆ దెబ్బలకు అతడు ప్రాణాలు విడిచాడు.

నాలుగు వందల ఏళ్ళు చైనాను ఏలిన హాన్ వంశం అప్పటికి కూలిపోయే స్థితిలో ఉంది. 184లో పసుపుపచ్చ తలపాగాలు చుట్టుకున్న రైతులు లక్షల సంఖ్యలో తిరగబడ్డారు. వారిని అణచడానికి బయలుదేరిన సేనానులే ఆ తర్వాత ఎక్కడికక్కడ రాజులై కూర్చున్నారు. పొలాలు బీడుపడ్డాయి. ఒక సేనాని సైనికులు కంబళిచెట్ల పండ్లు తిని బ్రతికారట, మరొకరి సైనికులు చెరువుల్లో ఆలుచిప్పలు ఏరుకుని తిన్నారట. 196లో లొయాంగ్‌కు తిరిగివచ్చిన చక్రవర్తి పదిహేనేళ్ళ బాలుడు. ఆయన కొలువులోని అధికారులు స్వయంగా అడవి ఆకులు ఏరుకోవలసి వచ్చింది. శిథిలమైన గోడల మధ్య కొందరు ఆకలితో చనిపోయారు.

ఆ ఏడాదే త్సావ్ త్సావ్ చక్రవర్తిని శూ నగరానికి తీసుకువెళ్ళి ఆశ్రయమిచ్చాడు. ఆజ్ఞలు చక్రవర్తి పేరుమీద, అధికారం తన చేతిలో! నాటకాలు ఎత్తిచూపేది ఈ విషయాన్నే. వాటిలో అంతగా కనిపించని పని మరొకటి ఉంది. యజమానులు చనిపోయో పారిపోయో దిక్కులేకుండా పడి ఉన్న భూములను ఆయన ప్రభుత్వపరం చేసి, నిలువనీడ లేని రైతులను వాటిమీద నిలిపాడు. ప్రభుత్వపు ఎద్దులతో దున్నినవారు పంటలో పదింట ఆరు వంతులు, సొంత ఎద్దులున్నవారు సగం చెల్లించాలి. మొదటి సంవత్సరమే శూ పరిసరాలలో పది లక్షల 'హూ'ల ధాన్యం పండింది. ఒక హూ అంటే సుమారు ఇరవై లీటర్లు. సగం పంట పన్నుగా ఇవ్వడం తేలిక కాదు. బలవంతంగా తెచ్చినవారు కొందరు పారిపోయారు కూడా. ఇష్టమైనవారినే తీసుకోవాలని ఒక అధికారి సలహా ఇస్తే త్సావ్ త్సావ్ అంగీకరించాడు. తరువాత ఆయన గెలిచిన యుద్ధాలకు బలం ఈ గాదెలే అని చెప్పవచ్చు.

పైరు తొక్కినవారికి మరణశిక్ష అని ఆయన ఒకసారి సైన్యానికి చాటించాడు. ఇంతలో ఆయన గుర్రమే బెదిరి గోధుమచేనులోకి దూకింది. సేనాని చనిపోతే సైన్యం గతేమిటని, కత్తితో తన జుట్టు కోసి నేలమీద పడవేశాడు. తల్లిదండ్రులిచ్చిన జుట్టును కోయడం ఆనాటి చైనాలో పెద్ద శిక్ష. ఇది న్యాయమా, నాటకమా అని చైనావారు నేటికీ వాదించుకుంటారు. ఆ చేను యజమాని మాత్రం సంతోషించే ఉంటాడు.

200లో గ్వాందూ దగ్గర తనకంటే ఎంతో పెద్ద సైన్యమున్న యువాన్ షావ్‌ను ఆయన ఓడించాడు. శత్రువు ధాన్యం నిలువచేసిన వూచావ్‌పై రాత్రివేళ దాడిచేసి తగులబెట్టడంతో ఆ మహాసైన్యం చెదిరిపోయింది. దొరికిన కాగితాలలో తన సొంత మనుషులు శత్రువుకు రహస్యంగా రాసిన ఉత్తరాలున్నాయి. వాటిని చదవకుండానే కాల్పించాడు. గెలుస్తామన్న నమ్మకం తనకే లేనప్పుడు ఇతరులను ఏమనగలనన్నది ఆయన మాటల సారాంశం.

ఇంత క్షమ చూపిన మనిషే, తండ్రిని చంపారన్న కోపంతో 193లో శూచౌ ప్రాంతంపై పడి నిరపరాధులను ఊచకోత కోయించాడు. శవాలు అడ్డుపడి స్సు నది ప్రవాహం ఆగిపోయిందని పాత చరిత్రలు చెబుతున్నాయి. దీనిని నవలాకారుడు కల్పించలేదు. విచిత్రమేమంటే, యుద్ధాలలో దిక్కులేక చచ్చిన ప్రజలను తలచుకుని కంటతడి పెట్టించే పద్యం రాసినవాడూ త్సావ్ త్సావే. ఆయన, కుమారులు త్సావ్ పీ, త్సావ్ జీ ముగ్గురూ చైనా సాహిత్యంలో పెద్ద కవులు. 'సున్ జు యుద్ధనీతి'కి నేడు లభిస్తున్న వ్యాఖ్యలలో అన్నిటికంటే పాతది ఆయనదే. ఉత్తరాది సంచారజాతులు ఎత్తుకుపోయిన కవయిత్రి త్సాయ్ వెన్ జీని ధనమిచ్చి విడిపించినదీ ఆయనే. ఆమె తండ్రి గ్రంథాలయం నాశనమైపోగా, నాలుగు వందలకు పైగా రచనలను జ్ఞాపకం నుండి రాసి ఇచ్చింది.

208లో యాంగ్‌ట్సీ నదిపై ఎర్రకొండల వద్ద ప్రత్యర్థులు నిప్పు పడవలు వదిలి ఆయన నౌకలను కాల్చివేశారు. దానితో దక్షిణదేశం ఆయనకు దక్కలేదు. 210లో మాత్రం ఒక సంచలన ప్రకటన చేశాడు: వంశమూ, పేరుప్రతిష్ఠలూ చూడను, సమర్థుడైతే చాలు, తీసుకురండి! కంచుకి మనుమడని చిన్నతనంలో విన్న మాటలు ఆయన మరచిపోలేదేమో.

216లో 'వేయ్' రాజైనా, ఆయన చక్రవర్తి సింహాసనం ఎక్కలేదు. 220లో ఆయన మరణించిన కొద్ది నెలలకే కుమారుడు త్సావ్ పీ ఆ పని పూర్తిచేశాడు.

దొంగలు కనుక్కోకుండా ఆయన డెబ్బై రెండు బూటకపు సమాధులు కట్టించాడని కథ. చచ్చాక కూడా మోసగాడే అన్నమాట! నిజానికి బంగారం, రత్నాలు పెట్టవద్దనీ, సారంలేని నేలలో పూడ్చమనీ ఆయన చెప్పినట్లు చరిత్రలో ఉంది. హెనాన్ రాష్ట్రంలోని ఆన్‌యాంగ్ దగ్గర ఒక సమాధిని తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞులు, అది ఆయనదేనని 2009లో ప్రకటించారు. దొంగలు అప్పటికే దానిని పలుమార్లు దోచారు. అయినా 'వేయ్ రాజు వూ' పేరు చెక్కిన చిన్న రాతిపలకలూ, సుమారు అరవై ఏళ్ళ పురుషుడి ఎముకలూ మిగిలాయి. కొందరు పండితులు అనుమానాలు వెలిబుచ్చారు. 2023లో అక్కడ ఒక ప్రదర్శనశాల తెరిచారు.