అన్నం తగ్గితే కంచంలో ఏముండాలి?

పొద్దున నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం పప్పు, కూర, చారు, పెరుగు, నాలుగింటిలోకీ అన్నమే. సాయంత్రం టీతో రెండు బిస్కెట్లు. షుగర్ ఉందని రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు. తెలుగు ఇళ్లలో మామూలుగా గడిచే రోజు ఇది. ఇందులో మితిమీరి తిన్నది ఏదీ కనిపించదు. లెక్క వేస్తే మాత్రం ఒంటికి అందిన శక్తిలో సగానికి పైగా పిండి పదార్థాలదే. దేశమంతటా తిండి అలవాట్లను పరిశీలించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది కూడా అదే: మన దేశంలో సగటు మనిషి తీసుకునే క్యాలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. మాంసకృత్తుల వాటా 12 శాతం దగ్గరే ఉండిపోయింది. ఇదే అధ్యయనం 2023లో వెల్లడించిన మరో అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. దాని గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఇంకో 13.6 కోట్ల మంది.

తెలుగువాళ్లు శాకాహారులు కాబట్టి ఇలా జరుగుతోందా అంటే అదీ కాదు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 98 శాతానికి పైగా మాంసాహారులే. కానీ ఆదివారం కోడికూర వండిన రోజున కూడా కంచంలో కొండలా ఉండేది అన్నమే, ముక్కలు ఓ పక్కన నాలుగు. మాంసం తినడం వేరు, మాంసంతో కడుపు నింపుకోవడం వేరు. మన భోజనంలో ఏ కూరైనా అన్నాన్ని లోపలికి పంపడానికి తోడుగా వచ్చేదే.

ఈ అమరికను తలకిందులు చేయమని పిలుపునిచ్చిన మనిషిని తెలుగు రాష్ట్రాలు ఇంకా మరిచిపోలేదు. వైద్యవృత్తికి చెందని వీరమాచనేని రామకృష్ణ 2017-18 ప్రాంతంలో సభలు పెట్టి ఓ ఆహార పద్ధతిని ఊరూరా చెప్పారు. బియ్యం, గోధుమ, పప్పులు, పళ్లు, పంచదార పూర్తిగా బంద్. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. జనం దానికి ‘వీఆర్కే డైట్’ అని పేరు పెట్టుకున్నారు. కొబ్బరినూనె తలకు రాసుకునేదిగానే తెలిసిన ఇళ్లలో దాన్ని గ్లాసులో పోసుకుని తాగారు. పెళ్లి భోజనాల దగ్గర ‘ఏంటొదినా, అన్నం పెట్టించుకోవేం?’ అని అడిగితే ‘డైట్‌లో ఉన్నా’ అనే జవాబు వినిపించేది. బరువు తగ్గామని, షుగర్ మాత్రలు మానేశామని వేదికలెక్కి చెప్పినవాళ్లు ఉన్నారు. మందులు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో తెలుసా అని హెచ్చరించిన డాక్టర్లూ ఉన్నారు. వాదోపవాదాలు టీవీ చర్చల దాకా వెళ్లాయి. ఆ హోరులో అసలు ప్రశ్న వెనక్కి పోయింది. పని చేసింది తాగిన నూనా, మానేసిన అన్నమా?

ఈ పద్ధతికి వయసు నూట అరవై ఏళ్లకు పైనే. లండన్‌లో శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం చేసే విలియం బాంటింగ్ తన బూట్ల తాడు తానే కట్టుకోలేనంత లావయ్యాడు. చెవి సరిగా వినపడడం లేదని వెళితే డాక్టర్ విలియం హార్వే ఆయన చేత రొట్టె, బంగాళాదుంప, పంచదార, బీరు మాన్పించాడు. అరవై ఆరేళ్ల వయసులో దాదాపు 20 కిలోలు తగ్గిన బాంటింగ్ 1863లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచిపెట్టాడు. దక్షిణాఫ్రికాలో ఇప్పటికీ ఈ తిండిని ‘బాంటింగ్’ అనే పిలుస్తారు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగులకు కొవ్వు బాగా పెంచి, పిండి పదార్థాలు బాగా తగ్గించిన ఆహారం సూచించి దానికి కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఆసుపత్రి పర్యవేక్షణలో నేటికీ ఈ ఆహారం ఇస్తున్నారు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకంతో అది బరువు తగ్గే మార్గంగా ఇంటింటికీ చేరింది.

లోపల జరిగేది ఇదీ

వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మధ్యాహ్నం ఇష్టంగా తినే మనిషి కంచంలో మూడు వందల గ్రాముల అన్నం తేలిగ్గా పడుతుంది. అంటే ఒక్క పూటకే 80 గ్రాములు దాటింది. అదంతా గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది, దాన్ని కణాల్లోకి చేర్చడానికి ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ ఒంట్లో దాచుకున్న కొవ్వు కదలదు. పిండి పదార్థాలు తగ్గిస్తే ఇన్సులిన్ దిగుతుంది, కొవ్వు కరగడం మొదలవుతుంది. రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపునకు తెస్తే కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు కూడా వాటిని వాడుకుంటుంది. అదే కీటో. అంత దూరం పోకుండా 130 గ్రాముల లోపు ఉంచుకున్నా దాన్ని లో-కార్బ్ అనే అంటారు. మన దగ్గర ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల చాలామంది మొదటి అడుగే కష్టమైనచోట వేస్తున్నారు.

మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గగానే సంబరపడిపోతారు. అందులో ఎక్కువ భాగం నీరే. కాలేయం, కండరాలు దాచుకునే గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ ఖర్చయితే ఆ నీరు బయటికి పోతుంది. ఇన్సులిన్ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పును కూడా ఎక్కువగా వదిలేస్తాయి. మూడో రోజున వచ్చే తలనొప్పి, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం వెనక ఉన్నది ఇదే. ‘విషాలు బయటికి పోతున్నాయి’ అని సరిపెట్టుకోవడం పొరపాటు. బీపీ లేనివాళ్లకు చిటికెడు ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, పల్చటి మటన్ సూప్ అప్పుడు బాగా పనికొస్తాయి.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఈ తిండి మొదలుపెట్టాలనుకునే వారికి అన్నిటికంటే ముందు చెప్పాల్సిన విషయం ఇక్కడే ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజక్షన్లు అన్నం తినే మనిషికి సరిపోయేలా రాసిన మోతాదులు. అన్నం ఆపి మోతాదు అలాగే ఉంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలతో మరో ముప్పు ఉంది. వాటిని వాడుతూ పిండి పదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు హద్దు మీరి, ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మరీ భయపెట్టే సంగతేమిటంటే ఆ సమయంలో గ్లూకోమీటర్ మామూలు అంకెనే చూపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ మాత్రలు కూడా తగ్గించాల్సి రావచ్చు. అందుకే మొదటి మెతుకు తగ్గించే ముందే డాక్టర్‌ను కలవాలి. మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని, ఏ మాత్ర ఎప్పుడు తగ్గించాలో రాయించుకోవాలి. టైప్-1 మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, క్లోమం వాపు వచ్చి తగ్గినవారు సొంతంగా కీటో జోలికి వెళ్లకూడదు.

మందుల విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ తిండి నిజంగానే పనిచేస్తుంది. మధుమేహం ఉన్న పెద్దవాళ్లలో రక్తంలో చక్కెరను అదుపు చేయడానికి, పిండి పదార్థాలు తగ్గించడానికే అన్నిటికన్నా ఎక్కువ ఆధారాలు ఉన్నాయని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల నివేదిక 2019లో ఒప్పుకుంది. బరువు విషయానికొస్తే ఫలితం అంత ఏకపక్షం కాదు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లుగా విడదీసి ఏడాది పాటు గమనించింది. 2018లో వచ్చిన ఫలితాల్లో కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడాను చెప్పుకోదగ్గదిగా పరిశోధకులు లెక్కించలేదు. రెండు జట్లకూ చెప్పిన మాట మాత్రం ఒకటే: పంచదార, మైదా, ఫ్యాక్టరీ తిండి మానండి, కూరగాయలు బాగా తినండి.

ఇక నూనె. కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో స్పష్టంగా చెప్పింది. అన్నం మానేసి కూరలో ఓ చెంచా నువ్వుల నూనో, వేరుశనగ నూనో ఎక్కువ వేసుకోవడం వేరు, లెక్కపెట్టి గ్లాసులో పోసుకోవడం వేరు. పొట్ట చుట్టూ ఇప్పటికే కిలోలకొద్దీ కొవ్వు ఉన్న మనిషి ఖర్చు పెట్టాల్సింది దాన్నే. పైనుంచి తాగిన నూనె ముందుగా ఖర్చవుతుంది. కొంతమందిలో, ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లలో, ఈ తిండితో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. రెండు మూడు నెలలకు మరోసారి రక్తపరీక్ష చేయించుకోకుండా ‘నాకేం కాలేదు’ అనుకోవడానికి వీల్లేదు.

వంటింట్లో అసలు చిక్కు

డైట్ పుస్తకాల్లో పెద్దగా కనిపించని ఇబ్బంది ఒకటి తెలుగు వంటింట్లో మొదటి రోజే ఎదురవుతుంది. మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి చేసినవి. ఉప్పూకారం అన్నానికి సరిపడా పడతాయి. గోంగూర మాంసం గిన్నెలోంచి తీసి ఉత్తదే తింటే నాలుగో ముద్దకు నోరు మండిపోతుంది, పులుపు నరాలు లాగేస్తుంది. దాహం ఆగదు. రెండో రోజున ‘ఇది మన వల్ల కాదు’ అనిపించేది ఆకలి వల్ల కాదు, ఈ కారం వల్లే. మందు తేలికైనదే: ఉప్పూకారం సగానికి సగం తగ్గించి వండడం, ముక్క పరిమాణం పెంచడం. అరకిలో బెండకాయల వేపుడు నలుగురికి సరిపోయే ఇంట్లో, ఇప్పుడు అదే వేపుడు ఇద్దరికి చాలదు. సంచి బరువు పెరుగుతుందని ముందే తెలిసి ఉండాలి.

ఆశ్చర్యమేమిటంటే ఈ పద్ధతికి సరిపోయే వంటలు మనకు కొదవ లేవు. గుత్తివంకాయలో కూరేది వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి. మూడింటిలోనూ కొవ్వు పుష్కలం, పల్లీలు, నువ్వుల్లో మాంసకృత్తులూ పుష్కలమే. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 50 గ్రాముల కొవ్వు, 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పొద్దున ఇడ్లీ స్థానంలో మునగాకో తోటకూరో వేసిన రెండు గుడ్ల అట్టు, పక్కన కాస్త పల్లీ పచ్చడి. మధ్యాహ్నం పొట్లకాయ, బీరకాయ, సొరకాయ, దొండకాయ, వంకాయల్లో ఏదో ఒకటి పెద్ద గిన్నెడు, తోడుగా చేపో కోడో. శాకాహారులకు పనీర్, మీల్‌మేకర్. బంగాళాదుంప, చామదుంప, కంద కూరగాయల్లా కనిపించినా పిండి పదార్థాల లెక్కలోకే వస్తాయి. పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టు ఉండదనే వాళ్లు కీరదోస తురుము కలిపి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టిన గడ్డ పెరుగు తింటే నాలుకకు ఆ లోటు చాలావరకు తీరుతుంది.

పప్పు దగ్గర చాలామంది తడబడతారు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉన్నా, పిండి పదార్థం అంతకు రెట్టింపు పైనే. కఠినమైన కీటోలో దానికి చోటు లేదు. మధ్యస్థమైన లో-కార్బ్‌లో చిన్న కప్పుడు చిక్కటి పప్పు నిరభ్యంతరంగా తినవచ్చు. కొర్రలు, అరికెలు, సామల విషయంలో అపోహ ఇంకా పెద్దది. పీచు ఎక్కువ కాబట్టి తెల్ల బియ్యం కన్నా అవి మేలే. కానీ వాటిలోనూ మూడింట రెండు వంతులు పిండి పదార్థమే. బియ్యం మానేసి అదే కొలతతో కొర్రన్నం తింటూ లో-కార్బ్ చేస్తున్నామనుకుంటే గ్లూకోమీటర్ ఒప్పుకోదు.

ఎంతకాలం? జీవితాంతం 20 గ్రాముల దగ్గర నిలబడగలిగేవాళ్లు తక్కువే. ఇండియాబ్ బృందం 2022లో ప్రచురించిన విశ్లేషణ కూడా మన వాళ్లకు అంత కఠిన నియమం చెప్పలేదు. పిండి పదార్థాలను మొత్తం క్యాలరీల్లో సగం దగ్గరికి తెచ్చి, మాంసకృత్తులను 20 శాతం దాకా పెంచితే మధుమేహాన్ని వెనక్కి మళ్లించే అవకాశం మెరుగవుతుందని లెక్కగట్టింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. కంచంలో అన్నాన్ని సగం చేసి, ఆ ఖాళీని గుడ్డుతో, కూరతో నింపడం అన్నమాట. చాలా ఇళ్లకు సరైన మొదలు ఇదే. షుగర్ బాగా ఎక్కువగా ఉండి, డాక్టర్ తోడుగా ఉన్నవాళ్లు అంతకంటే కిందికి దిగవచ్చు.

సగం అన్నం మానడం చవకే, ఆ సగాన్ని నింపడమే ఖర్చు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం లక్షల ఇళ్లలో ఆకలిని తరిమింది. ఆ మేలును ఎవరూ తక్కువ చేయలేరు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. గుడ్డు, పనీర్, చేప అలా రావు. కూలికి వెళ్లే మనిషికి షుగర్ వస్తే అన్నం తగ్గించమని చెప్పడం చాలదు, బదులు ఏం తినాలో కూడా ధరతో సహా చెప్పాలి. జీడిపప్పు, అవకాడో రాసి ఉన్న డైట్ చీటీ ఆ ఇంట్లో గోడకు వేలాడుతుందంతే. ఉడికించిన పల్లీలు, రోజుకు రెండు గుడ్లు, పెరట్లో మునగాకు, సంతలో తోటకూర కట్టలు, వంకాయ-ఎండుమెత్తళ్ల కూర... ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ మాత్రలతో పాటు చేతిలో పెట్టాల్సిన చీటీలో ఇవి ఉండాలి.