చిన్న దుకాణము - పనివారి మనస్సు

అయిదుగురు పనివారున్న కుట్టు దుకాణము నొకదానిని తలచుకొందము. బట్ట కత్తిరించు మాస్టరు ఒకడు, మిషను మీద కుట్టువారు ముగ్గురు, కాజాలు తీసి బొత్తాములు కుట్టి ఇస్త్రీ చేయు కుర్రవాడొకడు. ఇటువంటి దుకాణములు తెనాలిలోను, వరంగల్లులోను, మన ప్రతి పట్టణపు బజారులోను కలవు. సంక్రాంతి పది దినములున్నదనగా ఆ మాస్టరు ఎదురు దుకాణమునకు వెళ్లిపోయినచో ఏమగును? వేయిమంది పనిచేయు కర్మాగారమున ఒకడు మానినచో హాజరు పట్టీలో ఒక పేరు మారును. ఇచ్చట దుకాణములో అయిదవ వంతు వీధి దాటి పోయినది. అంతే కాదు. పంతులుగారి ఎడమ భుజము కొంచెము వాలి యుండుననియు, కరణముగారికి జేబు లోతుగా నుండవలెననియు కొలతల పుస్తకములో వ్రాసి యుండదు. అది మాస్టరు చేతిలో నున్న విద్య. ఆ చేయి వెళ్లిపోయిన సంగతి పండుగనాడు కొత్త చొక్కా తొడుగుకొన్న పంతులుగారికే ముందుగా తెలియును. కుట్టి సిద్ధముగా నున్న దుస్తులను ఫోనులో ఎన్నుకొని ఇంటికి తెప్పించుకొను ఈ రోజులలో, చిన్న దుకాణమునకు మిగిలిన బలము అటువంటి చేయియే.

పనివాడు ఎందుకు నిలుచును, ఎందుకు మనసు పెట్టి పనిచేయును అని అడిగినచో, "జీతము పెంచిన చాలును" అందురు కొందరు. "ఎంత ఇచ్చినను వీరికి విశ్వాసముండదు" అందురు మరికొందరు. మొదటి మాటలో సగము నిజమున్నది. రెండవ మాట పలుకువారు సాధారణముగా ఎంత ఇచ్చుచున్నారో చెప్పరు.

జీతము సంగతి మొదట చూతము. అమెరికాలో హెన్రీ ఫోర్డు కార్ల కర్మాగారమున 1913వ సంవత్సరమున సుమారు 14,000 మందిని పనిలో నిలుపుకొనుటకు ఏడాదిలో 50,000 మందికి పైగా చేర్చుకొనవలసి వచ్చెను. వచ్చినవారు వచ్చినట్లే పోవుచుండిరి. 1914 జనవరిలో పని వేళను 9 గంటలనుండి 8 గంటలకు తగ్గించి, రోజు రాబడిని 5 డాలర్లకు, అనగా సుమారు రెండింతలకు పెంచిరి. విడిచిపోవుట త్వరలోనే తగ్గిపోయెను. కాని ఆ 5 డాలర్లలో కొంత భాగము లాభములో వాటా పేర ఇచ్చినది. అది పొందవలెనన్నచో పనివాని ఇల్లు శుభ్రముగా నున్నదా, అతడు త్రాగునా, పొదుపు చేయునా అని కంపెనీ ఉద్యోగులు ఇంటికి వచ్చి విచారించెడివారు. జీతమిచ్చువానికి పనివాని వంటింటిలోనికి తొంగి చూచు అధికారము వచ్చునని తలచుట నాకు సమ్మతము కాదు.

జీతముతో పోలిక లేని సంగతులను 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి ప్రకటించిన గ్రంథము వెలుగులోనికి తెచ్చినది. పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లను, అకౌంటెంట్లను సుమారు 200 మందిని, పనిలో మిక్కిలి సంతోషించిన సందర్భమును, మిక్కిలి విసిగిన సందర్భమును చెప్పుమని వారు అడిగిరి. విసుగునకు కారణములు తరచుగా పై అధికారి తీరు, కార్యాలయపు నియమములు మొదలగునవి. సంతోషమునకు కారణములు పని చక్కగా ముగించుట, గుర్తింపు, బాధ్యత. మనుష్యులు మంచిని తమకును, చెడును ఇతరులకును ఆపాదించుకొందురు గనుక ఈ లెక్క పూర్తిగా నమ్మదగినది కాదని తరువాతివారు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. అయినను, ఉక్కపోతలో పంకా పెట్టించినచో గొణుగుడు తగ్గును గాని పనిమీద ప్రేమ పుట్టదని ఏ దుకాణదారుడైనను ఒప్పుకొనును.

కుట్టు దుకాణములలో పీసు లెక్కను కూలి ఇచ్చుట వాడుక. ఎన్ని చొక్కాలు కుట్టిన అన్ని రూకలు. చేయి వేగమగును, నిజమే. కాని లైనింగు వేసిన జాకెట్టు వచ్చినప్పుడు ముగ్గురును తలలు వంచి మిషను చప్పుడు పెంచుదురు. సరిచేయుటకు తిరిగి వచ్చిన బట్ట ఎవ్వరి లెక్కలోను లేదు గనుక మూల పడియుండును. కుర్రవానికి కాలరు నేర్పుచు గంటసేపు గడపిన సీనియరునకు ఆ గంట కూలి పోవును. తప్పు పనివారిది కాదు. వారు లెక్క చెప్పినట్లే నడచుచున్నారు. కష్టమైన పనికి వేరు రేటు, కత్తిరింపు దోషమువలన వచ్చిన దిద్దుబాటునకు కూలి, నేర్పినవానికి నెలకు ఇంత అని నిర్ణయించినచో చాలవరకు ఈ చిక్కు తీరును.

ఇంతకంటె లోతైన పాఠము మన దేశములోనే దొరకినది. అహమ్మదాబాదు కాలికో మిల్లులో స్వయంచాలక మగ్గములు పెట్టిరి. ఉత్పత్తి అనుకొన్నంత పెరగలేదు. లండను టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ 1953లో వచ్చి చూచెను. ఒక విభాగమున 224 మగ్గములు, 29 మంది పనివారు, 12 రకముల పనులు. కండెలు నింపువాడు ఒకడు, నూనె వేయువాడొకడు, గుడ్డ మోయువాడొకడు, ఊడ్చువాడొకడు, నేతగాడు మరియొకడు. ఎవ్వనికిని ఇది నా గుడ్డ అనుటకు వీలులేదు. దారము తెగినప్పుడు తప్పు ఎవరిదను వాదము మాత్రము అందరిదియు. కొన్ని మగ్గముల కొక చిన్న జట్టు చొప్పున బాధ్యత అప్పగింతమను ఆలోచన బయటపడగానే, పనివారును మేస్త్రీలును దానిని తామే అందుకొని జట్లు కట్టుకొనిరి. మొదట కొన్ని వారములు ఒడుదుడుకులు కలిగెను. పిమ్మట ఉత్పత్తి పెరిగెను, చెడిపోవు గుడ్డ తగ్గెను.

మన అయిదుగురి దుకాణములో ఇది ఇంకను సులువు. ఒక పెండ్లివారి బట్టలన్నియు ఒక జంటకు అప్పగించి, కొలతలు తీయునపుడు వారినే పిలిచి, తొడిగి చూచునపుడును వారినే నిలువబెట్టుడు. పెండ్లికూతురి తల్లి "చక్కగా కుదిరినది నాయనా" అనిన మాట గల్లా పెట్టె దగ్గరనే ఆగిపోక కుట్టినవాని చెవిని పడవలెను. తిట్టు మాత్రము ఖాతాదారుల యెదుట వద్దు. పదిమందిలో "ఏమిరా" అనిపించుకొన్న మాస్టరు ఆ సాయంకాలమే ఎదురు దుకాణము వైపు చూచును.

"మా వాడు, ఇంటి మనిషివంటివాడు" అని యజమానులు ప్రేమగా అందురు. రాత్రి పదింటివరకు పని యున్నప్పుడు ఇంటి మనిషి, జీతము అడిగినప్పుడు కూలివాడు అగుట ఎన్నో చోట్ల చూచుచున్నాము. పెద్ద మొత్తము అడ్వాన్సిచ్చి కట్టివేయుట మరియొక వాడుక. అప్పు మనిషిని ఉంచగలదు, మనస్సును ఉంచలేదు. పై దుకాణదారుడు ఆ అప్పు తీర్చిననాడు మనిషియు ఉండడు. ఒకటవ తేదీన జీతము చేతిలో పడుట ఇట్టి అడ్వాన్సులన్నిటికంటె మేలు.

1965 నాటి బోనసు చట్టము కర్మాగారములకును, 20 మందికి తక్కువ కాని ఇతర సంస్థలకును కనీసము 8.33 శాతము నిర్దేశించినది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము పదిమందికి తక్కువ కాని దుకాణములకు, అయిదేండ్లు పనిచేసినవానికి ఏడాదికి 15 దినముల జీతము చొప్పున ఇమ్మన్నది. అయిదుగురున్న దుకాణమునకు ఈ రెండును సాధారణముగా తగులవు. దసరాకు ఇచ్చు మామూలు యజమాని ఇష్టమునకు వదలిన సంగతి. ఎంత ఇచ్చెదమో, ఏ లెక్కను ఇచ్చెదమో ముందుగా చెప్పినచో అది జీతమువలె గౌరవముగా నుండును. చెప్పక ఇచ్చినచో ఒకనికి ఎక్కువ, ఒకనికి తక్కువ అను గుసగుసలకు దారి యగును.

ఇంత చేసినను నేర్చినవాడు ఒకనాడు స్వంత మిషను కొని వేరుగా కూర్చుండును. కుట్టుపనిలో అది సహజము. అప్పుడు బాకీ పూర్తిగా చెల్లించి, కొత్త దుకాణము తెరచునాడు వెళ్లి తాంబూలము పుచ్చుకొన్న యజమాని యొద్ద మిగిలిన కుర్రవాండ్రు, తమకును అట్టి దినము వచ్చునని చూచుచు, కాలరు కుట్టు నేర్చుకొందురు. పండుగ రద్దీలో చేతికి మించిన చొక్కాలను పంపుటకు పాత మాస్టరు దుకాణము వీధి చివరనే యుండును.