ఒలికిన డీజిలు: తొలి గడియలో చేయవలసిన పనులు

రాయ్‌పూరులోని దేవేంద్ర నగర్ జనులు నివసించు పేట. నగరమునకు ఉత్తరమున ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలున్నవి. త్రాగునీరు ఖారున్ నదినుండి వచ్చుచున్నది. ఇట్టి చోట ఒక్క డీజిలు పీపా కారినను అది కర్మాగారపు గోడలకే పరిమితమైన సమస్య కాదు.

డీజిలు నీటికంటె తేలిక. నీటిలో కరుగదు, పైపొరగా ప్రాకును. కావున ఒలికిన చోట నీరు పోసి కడిగినచో, దానిని చేతులారా కాలువలోనికి త్రోసినట్లే యగును.

మొదట బీడీలు, పొయ్యిలు ఆర్పించి, వెల్డింగు పని నిలిపి, జనులను దూరముగా పంపవలెను. పిమ్మట కవాటము మూసి, ఇసుకతో అడ్డుకట్ట వేసి, మురుగుకాలువను కాపాడవలెను. డీజిలు పీల్చిన ఇసుకను మూతగల డ్రమ్ములందుంచి, అనుమతి పొందిన వ్యర్థ నిర్వాహకులకు అప్పగింపవలెను. మంట లేచినచో 112కు ఫోను చేయవలెను.

తడిసిన బట్టలు విడిచి, చర్మమును సబ్బుతో కడుగవలెను. గొట్టమును నోటితో పీల్చరాదు. డీజిలు మ్రింగినవానికి వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి జారి ప్రాణాపాయము తెచ్చును. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

2020 మే 29న రష్యాలోని నొరిల్స్క్ వద్ద విద్యుత్కేంద్రపు ట్యాంకు కూలి, 20,000 టన్నులకు పైగా డీజిలు నేలపైకిని నదులలోనికిని పారెను. పారిన దానిని తిరిగి పట్టుట దుస్సాధ్యము. ట్యాంకు చుట్టు గట్టును, ప్రక్కన ఇసుక బకెట్లను ముందే సిద్ధముగా నుంచుట సులభము.