నేలబారు ఫ్యాను

పరవాడ ఫార్మా సిటీలో ట్రైనీగా చేరి నెల తిరక్కుండానే భలే ప్రశ్న మోసుకొచ్చావే అమ్మలూ! "ఇంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పైన కదా తాతయ్యా, మా సాల్వెంట్ రూములో కాళ్ళ దగ్గర పెట్టారేం?" అని.

వంటింటి పొగ వేడిది, పైకే పోతుంది. మీ డ్రమ్ముల్లోని టోలుయీన్ ఆవిరి సంగతి వేరు. గాలికంటే మూడు రెట్లు బరువు. చేలో బోదె వెంట నీళ్ళు పారినట్టు నేలంటుకుని పల్లానికి జారుతుంది. గుమ్మం కిందుగా దూరి కేబుల్ ట్రెంచిలో చేరుతుంది. ఎక్కడో దూరాన నిప్పురవ్వ తగిలిందా, అక్కణ్ణించి మంట వెనక్కి డ్రమ్ము దాకా పరుగెత్తుకొస్తుంది. అందుకే పీల్చే నోరు నేలకి జానెడెత్తులో ఉండాలి.

లెక్క కూడా చెబుతాను, విను. గాలిలో ఈ ఆవిరి నూటికి 1.1 పాళ్ళు చేరితే అంటుకుంటుంది. 7 దాటితే మండడానికి గాలి చాలదు. అది చూసి సంబరపడకు, తలుపు తీస్తే మళ్ళీ గాలి కలిసి మండే హద్దులోకే దిగుతుంది. లీటరు టోలుయీన్ మొత్తం ఆవిరైతే సుమారు 230 లీటర్ల ఆవిరి. అది 20 ఘనమీటర్ల గాలిని పేలేలా చెయ్యగలదు. పొడవూ వెడల్పూ ఎత్తూ పదేసి అడుగులున్న గదికి లీటరున్నర చాలు. నేల దగ్గర పొర కట్టి కూర్చుంటే అంత కూడా అక్కర్లేదు. అందుకే ఇంజనీర్లు హద్దు దాకా రానివ్వరు, అందులో నాలుగోవంతు దగ్గరే ఆపాలని చూస్తారు. ఆ లెక్కన లీటరు టోలుయీన్ ఇచ్చే ఆవిరిని పల్చన చెయ్యాలంటే 80 ఘనమీటర్ల పైనే గాలి కావాలి.

మీ దగ్గర జోన్ బోర్డులు చూసే ఉంటావు. ట్యాంకు లోపలిలాగా ఆవిరి ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0. పని జరుగుతుంటే అప్పుడప్పుడూ వచ్చే చోటు జోన్ 1. ఏదో లీకైతే తప్ప రానిది, వచ్చినా కాసేపే ఉండేది జోన్ 2. మన దేశంలో దీనికి ఐ.ఎస్. 5572 అనే ప్రమాణం ఉంది. అయితే ఈ గీతలు రసాయనం ఒక్కటే గీయదు, గాలీ గీస్తుంది. ఆరుబయట జోన్ 2 అనిపించుకున్న పంపునే గాలాడని గోతిలోకి దించితే అది జోన్ 1 అయి కూర్చుంటుంది. గ్యాసు సిలిండర్లు నింపే షెడ్లకి చుట్టూ గోడలు కట్టకపోవడం పిసినారితనం కాదే, కరెంటు పోయినా ఆగని గాలి అది! దుమ్మొస్తోందని వెంటిలేటర్లకి అట్టముక్కలు దోపే మహానుభావులు మాత్రం అంతటా ఉంటారు. ఆ అట్టముక్కతో జోనే మార్చేశామని వాళ్ళకి తెలియదు.

బ్యాటరీలు ఛార్జి చేసే గదిలో అంతా తలకిందులు. అక్కడ పుట్టేది హైడ్రోజన్. గాలికంటే పద్నాలుగు రెట్లు తేలిక, నూటికి 4 పాళ్ళ నుంచి 75 దాకా మండుతుంది. కప్పుకి తగిలి, దూలాల మధ్య సందుల్లో దాక్కుంటుంది. కాబట్టి అక్కడ రంధ్రం పైనే.

ఫ్యాను పెట్టేస్తే పనైపోలేదు. పీల్చిన గాలికి బదులు గాలి రావాలి కదా! ఎదుటి గోడకి జాలీ లేకపోతే ఫ్యాను ఊరికే మూలుగుతుంది. ఫ్యాను పక్కనే జాలీ పెట్టినా దండగే, వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, అవతలి మూల ఆవిరి కదలదు. రెక్కలు కేసింగుకి రాసుకున్నా రవ్వ రాకూడదు, మోటారు ఫ్లేమ్‌ప్రూఫ్‌ది కావాలి. ఫ్యాను ఆగితే సాల్వెంటు పంపు కూడా ఆగేలా ఇంటర్‌లాక్ పెడతారు. అది మోటారు తిరుగుతోందా అని కాదు, డక్టులో గాలి కదులుతోందా అని చూడాలి. బెల్టు తెగినా మోటారు హాయిగా తిరుగుతూనే ఉంటుంది, ప్యానెల్ మీద పచ్చదీపమూ వెలుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి. హద్దులో నాలుగోవంతు అన్నానే, అది పది లక్షల పాళ్ళలో 2,750. మన పాత ఫ్యాక్టరీల చట్టం పనివాళ్ళ ఊపిరికి పెట్టిన హద్దు 100. పేలుడు భయం లేదని మీటరు చెప్పే గదిలో కూడా తల తిరగొచ్చు. రేపు డ్రమ్ము విప్పేముందు ఆ మూతి దగ్గర వేరే సక్షన్ గొట్టం ఉందో లేదో చూసుకో.